నిలబడ్డ ముల్లు

కనుమ కింది క్యాంపులో నేను లారీ దిగినప్పుడు మధ్యాహ్నం రెండూ పది. అక్టోబరు మొదటి వారం. ఎండ ఉంది, వేడి లేదు. గాలి కొట్టిన కొట్టుడుకు కళ్లలో నీళ్లు వచ్చి, తుడుచుకునేలోపే చల్లబడ్డాయి. క్యాంపు పదకొండున్నర వేల అడుగుల మీద ఉంది. పైన కనుమ పదిహేడు వేలు. మధ్యలో ముప్పై ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు, ఒక్క బండి మాత్రమే పట్టేది. ఒకవైపు కొండ, రెండోవైపు ఏమీ లేదు.

నేను బండ్లు బాగుచేసే సిపాయిని. తుపాకీ ఇచ్చారు, దాన్ని తుడిచాను తప్ప కాల్చిన పని లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మంచిర్యాలలో నన్ను చాయ్ దగ్గర కూర్చోబెట్టుకున్న ప్రతివాడూ "ఎంతమందిని కాల్చినవే?" అనే మొదలుపెడతాడు. ఒక్కణ్నీ కాల్చలేదు, సరేనా? కానీ నా చేతిపని వల్ల ఒక మనిషి పోయాడు. మనవాడే, చెన్నూరువాడు. పోయాక వాడి పేరు కూడా పాడైంది, అదీ నా రాత వల్లే. ఆ రెండు సంగతులు చెప్పడానికే కూర్చున్నాను.

ప్లటూన్ హవల్దారు హర్యానా మనిషి. మాట తక్కువ. రెండో రోజు పొద్దున ఏడింటికి నన్ను జీపులో పైకి తీసుకుపోయి, దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర ఆపాడు. అంచుకు పోయి కిందికి చూడమన్నాడు. లోయలో వాగు పక్కన తుప్పుపట్టిన లారీలు పడి ఉన్నాయి. నేను లెక్కపెట్టింది అయిదు.

"ఇవి ఎందుకు తీయలేదు?" అన్నాను హిందీలో.

"తీయడానికి దిగినోడు మళ్లీ ఎక్కాలి కదా, ఉస్తాద్," అన్నాడు. అంతే. బీడీ పారేసి జీపెక్కాడు.

అక్కడి నియమం ఒక్కటే. ఎక్కి వచ్చిన ప్రతి బండీ కనుమ మీద ఆగాలి. ఇంజను నడుస్తూనే ఉండాలి. గాలి ఏడుకు వచ్చేదాకా కదలకూడదు. మీకు తెలిసే ఉంటుంది, పెద్ద బండ్లకు బ్రేకు పడేది గాలితో. ఇంజను గాలిని ట్యాంకుల్లోకి కొడుతుంది, తొక్కినప్పుడల్లా అందులోంచి కొంత ఖర్చవుతుంది. అంత ఎత్తున గాలే పలచన, ట్యాంకు నిండటానికి చాలాసేపు పడుతుంది. పైగా గొట్టాల్లో తడి గడ్డకట్టి ఎక్కడో ఒకచోట కారుతుంది. గేజి మీద అంకెలు సున్నా నుంచి పది దాకా. ఏడు ఉంటే దిగొచ్చు. అయిదు ఉంటే చదునునేల మీద బండి ఆగుతుంది, ఆ దిగుడులో ఆగదు. అందుకే డ్రైవరు రేడియోలో అంకె చెప్పాలి, పైన టిన్ను గుడిసెలో ఉన్నవాడు దాన్ని రిజిస్టరులో రాసి "పో" అనాలి.

యాకూబ్ నాకు పరిచయమైంది తిట్టుతో. పానా జారి నా వేలు నలిగింది. నోటికొచ్చింది తిట్టాను. పక్క బండి కింద నుంచి ఒక తల బయటికి వచ్చింది.

"ఓ అన్నా, గది మన దిక్కు తిట్టే గదా? ఏ ఊరే నీది?"

"లక్సెట్టిపేట. నీది?"

"చెన్నూరు. జర ఇంకోపారి తిట్టు అన్నా, మస్తు రోజులాయె ఇని."

ప్లటూన్‌లో వాణ్ని చెన్నూరు అనే పిలిచేవారు. ఇరవై ఏడేళ్లు. పద్నాలుగో నంబరు బండి వాడిది. మనిషి నవ్వుతూ ఉంటాడు గానీ స్టీరింగు పట్టుకుంటే నోరు కట్టేసుకుంటాడు. వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడట. "మా అబ్బా చెప్పిండు అన్నా, దిగుట్ల మాట్లాడేటోడు డ్రైవరు కాదని," అనేవాడు. ఆ ప్లటూన్‌లో అంత నెమ్మదిగా దిగేవాడు ఇంకొకడు లేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత కాగితం మీద వేరేలా రాశారు.

పద్నాలుగులో గేజిలన్నీ చచ్చిపోయాయి. చలికి లోపలి పలక పగిలింది. కొత్తదానికి కాగితం పెట్టి నాలుగు నెలలైంది. గాలి ఎంతుందో యాకూబ్ కాలితో తొక్కి అంచనా వేసి, పక్కవాడి బండి గేజి చూసి తనకూ అంతే ఉంటుందనుకుని అంకె చెప్పేవాడు. నాకు ఒళ్లు మండింది. హవల్దారు దగ్గరికి పోయి, నేనే ఒక డబ్బా చేసి వేరే గేజిలు బిగిస్తానన్నాను. "చేసెయ్," అన్నాడు.

మూడు రోజులు పట్టింది. పనికిరావని కండెమ్ చేసిన బండ్లలోంచి నాలుగు గేజిలు విప్పాను: గాలి, ఆయిలు, నీళ్ల వేడి, బ్యాటరీ. రేషను అట్టపెట్టె కోసి స్టీరింగు కుడిపక్కన ఆనించి కొలత తీసుకున్నాను. ఆ అట్టను పాత స్టీలు పెట్టె మూత మీద పరిచి గీత గీశాను. రేకులో గేజి పట్టేంత గుండ్రటి రంధ్రం చేసే మిషను అక్కడ లేదు. గీత వెంట సన్న డ్రిల్లుతో చుట్టూ పొడిచి, ఉలితో మధ్య ముక్క ఎగరగొట్టి, అరగుండ్రం ఆకురాయితో రాకాను. గ్లౌజులతో ఆకురాయి పట్టు దొరకదు. గ్లౌజులు తీస్తే చర్మం ఇనుముకు అతుక్కుంటుంది. ఇరవై నిమిషాలు రాకడం, పది నిమిషాలు పొయ్యి దగ్గర కూర్చోవడం. ఒక్కో రంధ్రానికి సగం పూట. రేకును యాంగిల్ ఇనుము మీద పెట్టి సుత్తితో మడిచాను. డ్రైవరు వైపు కాస్త వాలేలా కోణం ఇచ్చాను. గేజి చుట్టూ ట్యూబు రబ్బరు ముక్కలు పెట్టాను, అదురుకు ముల్లు వణకకుండా. రంగు మెరిస్తే అద్దంలో నీడ పడి కళ్లకు అడ్డం వస్తుంది. అందుకని నల్లరంగులో హవల్దారు ముఖానికి రాసుకునే పౌడరు కలిపాను. ఆయన డబ్బా సగం అయిపోయింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, అంత సోకు మనిషి.

ఇక్కడిదాకా ఏ మెకానిక్ అయినా చేసే పనే. ఆ తర్వాత చేసిందే నా సొంత తెలివి. సొంతం కూడా కాదు, మంచిర్యాల తెలివి.

పటాలంలో చేరకముందు అయిదేళ్లు నేను మంచిర్యాలలో బొగ్గు బండ్ల షెడ్డులో పనిచేశాను. బొగ్గు దుమ్ము గేజి అద్దం మీద పేరుకుని అంకెలు కనపడవు. మా మేస్త్రీ ఏం చేసేవాడంటే, గేజిని రంధ్రంలోనే పక్కకు తిప్పి బిగించేవాడు. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా పైకి నిలబడేలా. "బొగ్గుల అంకెలు ఎవడు సదువుతడురా? ముల్లు నిలవెట్టు. నిలవడ్డదా, పో. వంగిందా, ఆగు," అనేవాడు. కనుమ మీద దుమ్ము లేదు గానీ మంచు ఉంది. అద్దం మీద మంచు, కళ్లకు గాగుల్స్, తలకు ఉన్ని టోపీ. అంకె చదవడం అక్కడా కష్టమే. నేను నాలుగు గేజిలూ అలాగే తిప్పి బిగించాను. గాలి ఏడు ఉన్నప్పుడు ముల్లు నిటారు. అంకెలన్నీ వంకరగా పడ్డాయి, చూడ్డానికి అసహ్యంగానే ఉంది. అయితే ఒక్క చూపు చాలు.

యాకూబ్ ఎక్కి ఇంజను వేశాడు. ముళ్లు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. గాలి ముల్లు అన్నిటికంటే ఆలస్యంగా, మెల్లగా లేచి నిలబడింది. వాడు డబ్బాను అరచేత్తో తట్టి నవ్వాడు.

"నలుగురు పహిల్వాన్లు నిలవడ్డట్టే ఉందన్నా. ఇగ నాకు ఫికరే లేదు."

ఆ రోజు నుంచి గుడిసె డ్యూటీ నా వంతైతే వాడు రేడియోలో అంకె చెప్పేవాడు కాదు. "పద్నాలుగు. నిలవడ్డది అన్నా," అనేవాడు. హవల్దారు ఉంటే తిట్టి అంకె చెప్పించేవాడు. నేను తిట్టలేదు. నిలబడిందంటే ఏడే కదా అని ఏడు రాసేవాణ్ని. నిజం చెప్పొద్దూ, ఆ మాట వింటుంటే నాకు గర్వంగా ఉండేది. ఎక్కడో మంచుకొండ మీద, మన భాషలో, నా చేతిపనిని ఒకడు రోజూ మెచ్చుకుంటుంటే ఎవడికి బాగుండదు?

మంచిర్యాలలో ఆ పద్ధతి ఎందుకు నడిచిందో మీకు తెలుసు. అక్కడ ఒక బండికి ఒక డ్రైవరు. ఏళ్ల తరబడి అదే బండి, అదే సీటు, తాళంచెవి ఇంకొకడికి ఇవ్వడు. పటాలంలో అలా కాదు. డ్యూటీ లిస్టు ఏ బండి అంటే ఆ బండి. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ ఆలోచించలేదు. మిగతా డ్రైవర్లు మాకూ చేసిపెట్టమన్నారు, గేజిలు లేవు. అందరికీ ఉన్నా బాధ లేదు, ఎవరికీ లేకున్నా బాధ లేదు. ఒక్క బండికే ఉంది.

జనవరిలో పద్నాలుగు క్లచ్చు పోయి షెడ్డెక్కింది. యాకూబ్‌కు ఇరవై రెండో నంబరు ఇచ్చారు. కింది యూనిట్ నుంచి వచ్చిన బండి, గేజిలు కంపెనీ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నేనే చెక్ చేశాను. నా దగ్గరున్న పరీక్ష గేజితో పోల్చి చూశాను, పిసరంత తేడా లేదు. సరిగ్గా ఉందని సంతకం పెట్టాను. ఆ గేజిలో ముల్లు నిటారుగా నిలబడితే దాని కింద ఉన్న అంకె అయిదు.

యాకూబ్ సీట్లో కూర్చుని గేజిల వంక చూసి మూతి విరిచాడు. "గీ ముళ్లు సోమరిపోతులే అన్నా. ఎటువడితే అటు పండుకున్నయ్."

నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాను. నవ్వాను. "బండి మంచిగనే ఉంది, పో," అన్నాను. ఇంకో రెండు మాటలు అని ఉండాల్సింది. పదకొండు వారాలుగా వాడి కళ్లకు నేను ఒకటే పాఠం నేర్పాను, దాన్ని ఇక్కడ మరిచిపో అని చెప్పి ఉండాల్సింది. నోటిదాకా రాలేదు. బుర్రకే రాలేదు.

మూడు రోజులు మంచుకు దారి మూసి ఉంది. నాలుగో రోజు తెరిచారు. మధ్యాహ్నం మూడూ ఇరవైకి పడమటి శిఖరం మీద మబ్బు దిగింది. ఆరు బండ్లు దిగాల్సి ఉంది. మంచు మొదలయ్యేలోపు దించేయాలని హవల్దారు మొదటి బండిలో తానే ముందు కదిలాడు. గుడిసెలో రేడియో నాకిచ్చాడు. యాకూబ్ పక్కన కూర్చోవాల్సిన సిపాయి తలనొప్పితో క్యాంపులోనే ఉండిపోయాడు. బండిలో యాకూబ్ ఒక్కడే ఉన్నాడు, వరసలో ఆఖరు.

మొదటి అయిదు బండ్లూ అంకెలు చెప్పాయి. ఏడు. ఏడున్నర. ఏడు. ఏడు. ఏడు. రాసుకుంటూ పోయాను. కిటికీలోంచి ఇరవై రెండో బండి వెనక దీపాలు మాత్రమే కనపడుతున్నాయి. మూడూ నలభై ఆరు.

"ఇరవై రెండు. నిలవడ్డది అన్నా."

"పో తమ్మీ. మెల్లగ."

రిజిస్టరులో రాశాను. ఇరవై రెండు, ఏడు, మూడూ నలభై ఆరు. వాడు ఏడు అనలేదు. ఏడు అని రాసింది నేను.

పొయ్యి మీద చాయ్ వంచుకున్నాను. కప్పు పట్టుకుని మళ్లీ రిజిస్టరు చూశాను, ఏం తోచక. ఇరవై రెండు. పద్నాలుగు కాదు. రేడియో అందుకున్నాను. కప్పు ఎక్కడ పెట్టానో తెలియదు. టైము మూడూ నలభై తొమ్మిది.

"యాకూబ్! ఆగు! అంకె చెప్పు, అంకె!"

గర్రుమని శబ్దం. తర్వాత వాడి గొంతు. అరుపు కాదు, ఆశ్చర్యపోయినట్టు ఉంది. వెనక గాలి తక్కువైందని చెప్పే బజర్ మోగుతోంది.

"అన్నా, తొక్కుతున్ననే. ఏం పడ్తలేదు."

"గేరు దించు! కొండ దిక్కు కొట్టు! కొండ దిక్కు కొట్టురా!"

"మలుపొచ్చింది అన్నా."

అదే వాడి ఆఖరి మాట. నేను పిలుస్తూనే ఉన్నాను. మంచు మొదలైంది. పది నిమిషాల తర్వాత హవల్దారు దారిలో బండి ఆపి సెట్‌లో "ఆరోది రాలేదు" అన్నాడు. మూడో మలుపు కింద, ఆ పాత బండ్ల పక్కనే దొరికింది. మంచు తగ్గి మా వాళ్లు దిగడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఈసారి అందరూ దిగారు, అందరూ ఎక్కారు, యాకూబ్‌ను పైకి తెచ్చారు. నన్ను దిగనివ్వలేదు.

మూడు వారాలకు విచారణ. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. రిజిస్టరు నా ముందుకు జరిపారు.

"ఈ రాత నీదేనా?"

"నాదే సర్."

"ఆ బండి గేజి చెక్ చేశావా? సరిగ్గా ఉందా?"

"ఉంది సర్."

"వెళ్లొచ్చు."

ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు చూడండి. వాడు ఏడు అన్నాడా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. నా సర్వీసు ఇంకో నాలుగు నెలలే మిగిలి ఉంది. భయపడ్డాను. దీనికి ఇంకో పేరు పెట్టి మీ ముందు మంచివాణ్ని కావాలని లేదు, భయమే. రిజిస్టరులో ఏడు ఉంది కాబట్టి బ్రేకులో లోపం లేదన్నారు. బ్రేకు బాగుంటే బండి ఎందుకు పోయింది? డ్రైవరు జోరుగా తోలాడు. అజాగ్రత్త. అలా రాసి చెన్నూరుకు ఉత్తరం పంపారు.

మే నెలలో ఇంటికి వచ్చాను. మంచిర్యాల స్టేషనులో రైలు దిగేసరికి నేల కాలిపోతోంది. మా అవ్వ ఏడ్చింది, బాపు నా సంచి మోశాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర అది ఆనవాయితీ, ఆపద దాటి వచ్చినవాళ్లు లేచి దేవుడు తమను ఎట్లా కాపాడాడో అందరి ముందూ చెప్పాలి. లేచాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు. "క్షేమంగ వచ్చిన," అన్నాను. కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక ఇంటికి పోలేదు, అన్నం తినలేదు. మంచిర్యాలకు బస్సెక్కి, అక్కడ మారి చెన్నూరు పోయాను.

యాకూబ్ వాళ్ల నాన్న ఇల్లు బస్టాండు వెనక సందులో. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, లుంగీ. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను ఎదురుగా ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. తలుపు కర్టెన్ వెనక వాళ్ల అమ్మ నిలబడి ఉందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది. ఆయన ప్లాస్టిక్ కవరులోంచి ఆ ఉత్తరం తీసి నాకిచ్చాడు.

"ముగ్గురితోని సదివిచ్చిన బేటా. ముగ్గురు ఒక్కటే చెప్తుండ్రు. నా కొడుకు జోరుగ తోల్తడా? నేను నేర్పిన చెయ్యి గది."

"తోలలే చాచా," అన్నాను. "తప్పు నాది."

చెప్పడం మొదలుపెట్టాను. గేజిలు విప్పిన సంగతి, రేకు కోసిన సంగతి. ముల్లు నిలబెట్టాను అనగానే ఆయన తల ఎత్తాడు.

"మా బొగ్గు బండ్లల్ల గూడ గట్లనే పెడుతుండ్రి," అన్నాడు. జనవరిలో యాకూబ్‌కు వేరే బండి ఇచ్చారని చెప్పాను. మిగతాది చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. ముఖంలో రంగు పోవడం చూశాను. "రెండో బండిల నిలవడితె ఎంత?"

"అయిదు."

"నువ్వు ఎంత రాసినవ్?"

"ఏడు."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడిచాడు.

"అయితె ఆడు సూసిండు," అన్నాడు. "ముల్లు సూడకుంట కదల్లే."

"సూసినంకనే కదిలిండు చాచా. నేను పొమ్మంటెనే పోయిండు."

కర్టెన్ వెనక నుంచి ఒక్కసారి ఏడుపు వినపడి, మళ్లీ అణిగిపోయింది.

"గీ ముచ్చట కాయితం మీద రాసిస్తవా? నీ దస్కత్ పెట్టి?"

రాసిచ్చాను. అక్కడే, ఆ మంచం మీదే, నా నంబరు వేసి, ఎవరు ఏమన్నారో మాటకు మాట. ఆయన దాన్ని పటాలానికి పంపాడు. చాలా నెలల తర్వాత నన్ను మళ్లీ పిలిచి అడిగారు, మళ్లీ చెప్పాను. అజాగ్రత్త అన్న మాట తీసేశారు. నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రెండు వాక్యాలు పడ్డాయి. పడాల్సినవే. ఇప్పుడు మంచిర్యాలలో నాకు సొంత షెడ్డు ఉంది. బండికి గేజి డబ్బా కావాలంటే చేసిస్తాను, కానీ అంకెలు తిన్నగానే ఉంటాయి. ముల్లు నిలబెట్టమని అడిగినవాణ్ని పక్క షెడ్డుకు పొమ్మంటాను, ఎంత పాత గిరాకీ అయినా సరే.

నన్ను వదలనిది మాత్రం ఆ రోజు చెన్నూరులో చూసిందే. కాగితం రాయకముందు ఆయన ఆ దారి చెప్పమన్నాడు. "నిమ్మలంగ చెప్పు. కనుమ కాంచి." చెప్పాను. మొదట కొంత చదును ఉంటుంది చాచా, ఆ తర్వాత దిగుడు. మొదటి మలుపు ఎడమకు, వెడల్పుగానే ఉంటుంది. రెండోది కుడికి, అక్కడ రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. అక్కడ ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను మూడో మలుపు దాకా వచ్చి ఆగిపోయాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. చెప్పు విడిచిన ఆయన కుడికాలు గచ్చు మీద నొక్కుతోంది, వదులుతోంది, మళ్లీ ఇంకా గట్టిగా నొక్కుతోంది.